మొహం లేని బాప్తిస్మపు పళ్ళెం

షెనోవ్,
నవంబరు 1926

చిరంజీవి లీడాకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని రాయకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదంటారు కాబట్టి రాశాను. అల్లుడు బోహుమిల్ మీసం తీయించాడటగా. చలికాలంలో ఆ పెదవికున్న ఒక్క దుప్పటీ పోయింది, పాపం.

బాప్తిస్మపు పళ్ళెం ఎంతవరకు వచ్చిందని అడిగావు. ఈసారి మంచి గాజు దొరికింది. అంచు చుట్టూ అడవి గులాబీలు వేశాను, మధ్యలో బాతులు కాసే పిల్ల. ముందు నడిచే బాతుకి మా మేస్త్రీ క్రౌపా ముక్కు పెట్టాను. "బిడ్డ పుట్టకముందే పళ్ళెం మీద కోతివేషాలేంటయ్యా" అని మీ అమ్మ గరిటె ఎత్తింది. పిల్లకి మొహం ఇంకా వేయలేదు. వేయలేను.

రాత కోడి కెలికినట్టుంది, తాగి రాస్తున్నావా అన్నావు. తాగలేదమ్మా, ఎడమచేత్తో రాస్తున్నాను. పోయిన నెల ఆ పిల్ల కనుబొమ్మ గీద్దామని కుంచె ఎత్తితే కుడి మణికట్టు కోసిన కోడి మెడలా వాలిపోయింది. మళ్ళీ లేవలేదు. పనిశాలంతా పగలబడి నవ్వింది. "హావెల్ కొత్త వేషం కట్టాడ్రోయ్" అన్నారు. "నవ్వించింది చాలు, చెయ్యి సరిగ్గా పెట్టు" అని క్రౌపా కసిరాడు. ఏం చెయ్యను, నేనూ నవ్వాను.

పట్నం డాక్టరు నా పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. వాటి మీద నీలం గీత ఉందట.

"కుంచె మొన నోట్లో పెట్టి తీస్తావా?"

"మరెక్కడ పెట్టమంటారు, చెవిలోనా?"

ఆయన నవ్వలేదు. ఎంగిలి చెయ్యకపోతే వెంట్రుకంత గీత రాదని, మా ఊళ్ళో అందరం అలాగే చేస్తామని చెప్పాను. రంగులో సీసం ఉంటుందని తెలుసా అన్నాడు. తెలుసు, అదే కదా బట్టీలో కరిగి రంగుని గాజుకి పట్టించేది అన్నాను. అప్పుడడిగాడు, మీ ఇంట్లో ఆడవాళ్ళెవరైనా ఈ పని చేస్తారా, వాళ్ళకి పిల్లలున్నారా అని.

నీ సంగతి చెప్పాను. నెలలు నిండకుండా పోయిన నీ ఇద్దరు బిడ్డల సంగతీ చెప్పాను. నా చెయ్యి పడగొట్టింది ఆ సీసం విషమేనన్నాడు. తల్లి మింగిన సీసం కడుపులో బిడ్డకీ చేరుతుందన్నాడు.

లీడా, ఇంతసేపూ ఈ మాట రాయలేక బాతుల కబుర్లు చెప్పాను. పోయిన ఉత్తరంలో నువ్వు సంబరంగా రాశావు, ఐదో నెలని మీ మేస్త్రీ జాలిపడి బట్టీ దగ్గర మోతపని మాన్పించి, కూర్చోబెట్టి మళ్ళీ కుంచెతో సన్నగీతల పని ఇచ్చాడని. మీ అమ్మ మురిసిపోయి ఆయన పేరున గుడిలో కొవ్వొత్తి వెలిగించింది. అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు. చిన్న మేజోళ్ళు అల్లుతూ కూర్చుంది.

ఈ ఉత్తరం చదవగానే బల్ల దగ్గర నుంచి లే. రేపటిదాకా ఆగకు. పని మానితే వాళ్ళిచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలని బోహుమిల్ అంటాడు, అననీ. మన ఇంటికి రమ్మందామంటే, తిండి తినే బల్ల మీదే మీ అమ్మ రంగు నూరుతుంది. ఆ పొడి తలుపు సందుల్లో ఉంది, పరుపుల్లో ఉంది. కన్నకూతుర్ని ఇంటికి రావద్దని రాస్తున్నాను చూడు. బోహుమిల్ అక్క ఊరికి వెళ్ళు. బంగాళాదుంపలు తవ్వు, ఆవుల దగ్గర పేడ ఎత్తు, ఏదైనా చెయ్యి.

ఇప్పుడు మానేస్తే ఈ బిడ్డ దక్కుతుందా అని డాక్టర్ని అడిగాను. ఒంట్లో చేరింది ఒక్కరోజులో పోదన్నాడు. నీకు అబద్ధం రాయలేను.

రెండో బిడ్డని పూడ్చిన రోజు నా చొక్కా పట్టుకుని "నేనేం పాపం చేశాను నాన్నా" అని అడిగావు. దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు ఏ పాపమూ చెయ్యలేదమ్మా. నీ పని నువ్వు చేశావు, అంతే.

ఇట్లు,
నీ నాన్న
హావెల్