పెద్దాయనకు పద్దెనిమిది డిగ్రీలు

మామయ్యకు నమస్కారాలు.

కొండ మీది వాతావరణ కేంద్రానికి క్షేమంగా చేరాను. ఇక్కడ ఫోను పలకదు. వారానికోసారి సరుకుల బండి వస్తుంది, ఉత్తరాలు దాంట్లోనే రావాలి, పోవాలి. నాలుగు నెలలు ఇంతే.

నా ప్రాణమంతా మీ ఇంట్లో వదిలొచ్చిన పెద్దాయన మీదే ఉంది. ఆయన చల్లటి ఏటినీళ్ల చేప అని మర్చిపోవద్దు. నీళ్లు పద్దెనిమిది డిగ్రీలుండాలి. ఇరవై రెండు దాటితే ఆయాసం, ఇరవై ఐదు దాటితే దక్కడు. ఎండలు ముదిరేలోపు చిల్లర్ కొనండి. తొట్టి నీళ్లను లోపలికి లాక్కుని, చల్లబరిచి, తిరిగి తొట్టిలోకి పంపే పెట్టె అది. తొట్టి రెండొందల లీటర్లదని, గది బాగా వేడెక్కుతుందని దుకాణంలో చెప్పి, ఒక సైజు పెద్దదే తీసుకోండి. చిన్నదైతే రోజంతా ఆగకుండా తిరిగి తిరిగి పాడవుతుంది.

మీ మేనకోడలు

తా.క. తొట్టిలో ఐసు వెయ్యకండి. మీరు వేస్తారని తెలిసే రాస్తున్నాను.

*

చిరంజీవి పిడుగుకి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందేసరికే ఐసు వేశాను. పెద్దాయన అలిగి రెండు రోజులు మూల వదిలి రాలేదు. సరే పొమ్మని చిల్లర్ కొన్నాను. దుకాణంవాడు చిన్నది చాలంటాడు. కోల్డ్ స్టోరేజీ తలుపు దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు సూపర్‌వైజరుగా చేసినవాణ్ణి, నాకా నువ్వు చల్లదనం గురించి చెప్పేది అన్నాను. వెంటనే పెద్దది దించి ఇచ్చాడు.

దాన్ని తొట్టి కింది చెక్క అల్మారాలో పెట్టి, తలుపులు బిగించి, సందుల్లో పాత కంబళి ముక్కలు కుక్కాను. ఇక చల్లదనం ఎటు పోతుందో చూస్తాను.

మీ అత్తయ్య మాత్రం ఆ గదిలో అడుగుపెట్టనని ఒట్టేసుకుంది. తొట్టి కోసం ఆవిడ కుట్టుమిషను వంటింట్లోకి జరిపాను కదా, అదీ కోపం.

మీ మామయ్య

తా.క. ప్రస్తుతం నీళ్లు ఇరవై మూడు. కొత్త యంత్రం, ఇల్లు అలవాటు పడాలి.

*

మామయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువుతుంటే ముందు లేచి వెళ్లి ఆ తలుపులు తియ్యండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

చిల్లర్ నీళ్లలో ఉన్న వేడిని లాగి వెనకనుంచి బయటికి ఊదుతుంది. తలుపులు మూస్తే ఆ వేడిగాలినే మళ్లీ తను పీల్చుకుంటుంది. అందుకే ఇరవై మూడు. చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి, గాలి ఆడాలి. కంబళి ఎవరికైనా ఇచ్చెయ్యండి.

మీ మేనకోడలు

తా.క. యంత్రాలు ఇంటికి అలవాటు పడవు.

*

చిరంజీవి పిడుగుకి,

తలుపు తెరవమని నాతో అన్న మొదటి మనిషివి నువ్వే. తలుపు వెయ్యడం మర్చిపోయినందుకు మేనేజరునే నిలదీసినవాణ్ణి నేను. నీ ఉత్తరం చదివి ఇంకో కంబళి కుక్కాను.

ఫలితం విను. వారం నుంచి నీళ్లు పద్దెనిమిది, పందొమ్మిది. పెద్దాయన తోక ఊపుకుంటూ తిరుగుతున్నాడు. ఇప్పుడేమంటావు?

మీ మామయ్య

తా.క. నేను అత్తయ్యనమ్మా. కవరు అంటించమని నాకిచ్చారు. నువ్వు రాసింది ఆయన విసిరేస్తే నేను ఏరుకుని చదివాను. పాపం, చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఒట్టు గట్టున పెట్టాను. రోజుకి నాలుగుసార్లు ఆయన పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్తారు, వెళ్లగానే తలుపులు తీస్తాను, చెప్పుల చప్పుడు వినగానే మూస్తాను. ఆయనకి చెప్పకు. ఇంత గర్వంగా ఆయన్ని చూసి చాలాకాలమైంది. అన్నట్టు, ఆ వేడిగాలికి జేబురుమాళ్లు భలే ఆరుతున్నాయి.

*

మామయ్యా,

పద్దెనిమిది అని చదివాక అన్నం సయించింది. మీరు చేసేది మీరు చెయ్యండి, నేనిక మాట్లాడను.

మీ మేనకోడలు

తా.క. ఇది అత్తయ్యకి. రోజుకి నాలుగుసార్లు చాలదు, ఎండలు పెరిగాయి కాబట్టి ఆరుసార్లు. అశ్రద్ధ చేస్తే ప్రాణానికే ముప్పు.

*

చిరంజీవి పిడుగుకి,

అత్తయ్యకి నువ్వు రాసిన తా.క. చదివాను. అత్తయ్యకి ఏం జబ్బు? రోజుకి ఆరుసార్లు వేసుకునే మందేమిటి? అడిగితే పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి పోయింది. ముప్పై నాలుగేళ్లు కాపురం చేసిన నాకు తెలియకుండా నీకెలా చెప్పింది? రేపు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. తల నుంచి కాలి వరకు అన్ని పరీక్షలూ చేయిస్తాను, సాయంత్రం దాకా పట్టినా సరే. చేపకేం భయం లేదు, తలుపులు గట్టిగానే బిగించాను.

మీ మామయ్య

తా.క. అమ్మా పిడుగూ, ఎంత కొంప ముంచావు. రేపు పగలంతా తలుపులు ఎవరు తీస్తారు?

*

మామయ్యా, అత్తయ్యకి ఏ జబ్బూ లేదు. తలుపులు తీస్తున్నది ఆవిడే. ముందు ఇంటికి వెళ్లండి.

తా.క. బండి వారం తర్వాతే కదులుతుందట. అయినా రాస్తున్నాను, ఊరుకోలేక.

*

చిరంజీవి పిడుగుకి మామయ్య ఆశీస్సులు.

పెద్దాయన బతికే ఉన్నాడు. అది ముందు చెప్పాలి.

ఆసుపత్రిలో మీ అత్తయ్య డాక్టరు వైపు చూడలేదు, గోడ గడియారం వైపే చూసింది. ఒక్క పరీక్షకి రక్తం ఇచ్చి, ఇక పోదాం పదమని నా చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. ఇంటికొచ్చేసరికి నీళ్లు ఇరవై నాలుగున్నర, చేప పక్కకి ఒరిగిపోయి ఉంది. నేను నిలబడిపోయాను. ఆవిడ నన్ను తోసుకుంటూ వెళ్లి, కంబళి పీకి, కళ్లు మూసుకుని చేసినంత సులువుగా తలుపులు తీసింది. అప్పుడు నాకన్నీ అర్థమయ్యాయి. చీకటిపడేవేళకి నీళ్లు పందొమ్మిదికి దిగాయి, పెద్దాయన లేచి తిరిగాడు. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మర్నాడు కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, నేనెన్నడూ తొంగిచూడని వెనక షెడ్డు చూపించమన్నాను. అన్నేళ్లూ నేను ముందు తలుపు కాస్తుంటే వెనకనుంచి వేడిగాలి వీధిలోకి పోతూనే ఉంది. తప్పు నాదే. ఇంటికొచ్చి అల్మారా తలుపులు ఊడదీశాను.

తర్వాత మూడు రోజులు నీళ్లు సరిగ్గా పద్దెనిమిది. కానీ ఆవిడకి ఆ గదిలో పనే లేకపోయింది. ఆవిడ వంటింట్లో, నేను వరండాలో. చేప కూడా అద్దం దగ్గరికొచ్చి ఎదురుచూస్తోంది. నాకు ఆ ఇల్లు నచ్చలేదు. ఆవిడ బజారుకెళ్లినప్పుడు అల్మారా వెనక చెక్క మొత్తం కోసేసి, ముందు తలుపులు మళ్లీ బిగించాను. చుట్టూ ఖాళీ జానెడు కాదు, మూరెడు ఉంది. ఇక తలుపులు తీసినా మూసినా చేపకి ఒకటే. తలుపు తలుపేనని నేనింకా మొండికేసినట్టు మొహం పెట్టాను. ఆవిడ మళ్లీ రోజుకి ఆరుసార్లు వస్తోంది, చేపకి కబుర్లు చెబుతోంది. నేను కాస్త దూరంనుంచే చెప్పులు గట్టిగా చప్పుడు చేసుకుంటూ వస్తున్నాను.

ఆవిడకి చెప్పకు.

మీ మామయ్య

తా.క. ఈ కవరు నేనే అంటించాను. పోస్టులో వెయ్యడమే ఆవిడ పని.

ఇంకో తా.క. ఆవిరి మీద పట్టుకుంటే ఏ కవరైనా ఊడుతుందమ్మా. వెనక చెక్క సంగతి నాకెప్పుడో తెలుసు, ఆ రంపపు పొట్టు ఊడ్చింది ఎవరనుకున్నారో. నిన్న కుట్టుమిషను మళ్లీ ఆ గదిలోకి జరిపించాను, తొట్టి పక్కనే. నువ్వొచ్చి పెద్దాయన్ని తీసుకెళ్లేటప్పుడు తొట్టీ చిల్లరూ ఇక్కడే ఉంచి, బదులుగా ఇంకో చల్లనీళ్ల చేపని తెచ్చిపెట్టు. ఆయనకి చెప్పకు.