వేడినీళ్ళ తొట్టిలో ఇద్దరి మందు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. ముగ్గురం అని రాసేటప్పుడు చెయ్యి ఇంకా ఒక్క క్షణం ఆగుతోంది. అత్తయ్యగారు పోయి మూడు నెలలైనా నా లెక్క నలుగురి దగ్గరే ఉండిపోయింది. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. అలాగని మేడెక్కి బట్టలు ఆరేసే పని మళ్ళీ మొదలుపెట్టకు. నాన్నతో చేయించు. ఆయన సణుగుతారు గానీ చేస్తారు.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తున్నాను. తింటున్నాను. నిద్ర పడుతోంది, మరీ ఎక్కువగానే పడుతోంది. కళ్ళద్దాల వర్క్‌షాపులో మళ్ళీ పనికి వెళుతున్నాను. అద్దాలు అరగదీసే మిషను ముందు కూచుంటే ఎనిమిది గంటలు ఎలా పోతాయో తెలియడం లేదు. ఇక, ఏడ్చావా లేదా అని అడిగావు. లేదు. లోపల వెతికితే బాధ కూడా చేతికి తగలడం లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఉంటుందే, అలా ఉంది. నువ్వు దీనికి కంగారుపడి బస్సెక్కకు.

ఆ తొట్టి ఇంకా ఎందుకు, తిరిగి ఇచ్చెయ్యకూడదా అనీ అడిగావు. నీకు సగమే తెలుసు. వేడినీళ్ళలో కాసేపు కూచుంటే అత్తయ్యగారి కీళ్ళకు హాయిగా ఉంటుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి మామయ్యగారికి అదే ధ్యాస. ఆవిడకు చెప్పకుండా కొనాలనుకున్నారు. ఆయన వెళ్ళి ఆర్డరిచ్చిన రోజునే ఆవిడ పోయారు. తొమ్మిదో రోజున నలుగురు మనుషులు దాన్ని మోసుకొచ్చి పెరట్లో దింపారు. వెనక్కి పంపేద్దామని నీ అల్లుడు అన్నారు. మామయ్యగారు "ఉండనీరా" అన్నారు. అంతే, ఉంది.

ఉండడం అంటే ఊరికే ఉండదని తర్వాత తెలిసింది. నీళ్ళు నింపి, కరెంటు పెట్టి, వేడి చేసి వెళ్ళారు వాళ్ళు. ఆ నీళ్ళను వాటి మానాన వదిలేస్తే చెడిపోయి కంపు కొడతాయట. కాగితం పట్టీ ఒకటి ముంచి, అది మారిన రంగులను డబ్బా మీది రంగులతో పోల్చి చూడాలి. క్లోరిన్ చాలినంత ఉండాలి. పీహెచ్ ఏడున్నర చుట్టుపక్కల తిరగాలి. అది పెరిగితే నీళ్ళు తెల్లబారతాయి, తగ్గితే కళ్ళు మండుతాయి. ఆ పీహెచ్‌ను కుదురుగా కూచోబెట్టేది ఆల్కలినిటీ అని ఇంకొకటి ఉంది, ముందు దాని సంగతి చూసుకోవాలి. ఇదంతా తొట్టితో వచ్చిన పుస్తకం చదివి నేర్చుకున్నాను. నన్ను లెక్కల ముందు కూచోబెట్టడానికి నువ్వు పడ్డ తంటాలు గుర్తొచ్చి నవ్వుకుంటున్నావు కదూ.

ఎవరికీ పట్టలేదనుకుని నేనే పట్టీలూ పొడులూ కొని తెచ్చుకున్నాను. సాయంత్రం పని నుంచి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా మూత ఎత్తి చూసేదాన్ని. ఎప్పుడు చూసినా పీహెచ్ తక్కువే. పెంచే పొడి ఒక చెంచా వేసేదాన్ని. మర్నాడు సాయంత్రం మళ్ళీ తక్కువ. మళ్ళీ ఒక చెంచా. ఆరు వారాలు ఇదే వరస. నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తయారయ్యాయి. నా తల బొప్పి కట్టింది. అయినా మానలేదు. రోజు మొత్తంలో నాకు ఏదైనా చెయ్యాలనిపించేది ఆ పది నిమిషాలే.

పోయిన శనివారం ఒక సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని, తొట్టి అమ్మిన షాపుకు వెళ్ళాను. నీళ్ళు పరీక్షించే అమ్మాయి కంప్యూటరులో మా చిరునామా కొట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"మీ ఇంటి నీళ్ళు నిన్ననే చూశానండీ. పెద్దాయన తెచ్చారు. రోజూ పొద్దున్నే పీహెచ్ దించే పొడి వేస్తున్నారట. ఎంత వేసినా తెల్లారేసరికి పీహెచ్ కొండెక్కి కూచుంటోందని ఒకటే బాధ. మీరేమైనా వేస్తున్నారా?"

"పెంచేది వేస్తున్నాను. సాయంత్రాలు."

"ఆయన దించుతారు, మీరు పెంచుతారు. ఒకే ఇల్లేగా? మాట్లాడుకోరా మీరు?"

మాట్లాడుకుంటాం. భోజనానికి రండి, మాత్ర వేసుకున్నారా, తలుపు ఎవరో కొడుతున్నారు. ఇవీ మాటలే కదా. మామయ్యగారు ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. తప్పు కనబడితే ఎవరికీ చెప్పకుండా దిద్దేసి పక్కన పెట్టేస్తారు. నా పనీ అలాంటిదే. అద్దం మీద గీత ఉంటే అరగదీసేస్తాను గానీ నలుగురినీ పిలిచి చూపించను. ఆయన తన గదిలో డబ్బాలు దాచుకున్నారు, నేను వంటింటి అరలో దాచుకున్నాను.

"ఆ నీళ్ళు ఇంక దారికి రావండీ. తీసేసి కొత్తవి పట్టండి. మందు మాత్రం ఎవరో ఒక్కళ్ళే వెయ్యండి" అంది ఆ అమ్మాయి.

ఆదివారం మధ్యాహ్నం నీ అల్లుడు డ్యూటీకి వెళ్ళారు. షాపులో విన్నది మామయ్యగారికి అప్పటికే చెప్పాను. నేనూ మామయ్యగారూ తొట్టి ఖాళీ చేసి, గుడ్డతో తుడిచి, కొళాయి గొట్టం అందులో పెట్టాం. నిండడానికి రెండు గంటలు పడుతుంది. వెనక గుమ్మం మెట్ల మీద కూచున్నాం. ఇక్కడి నుంచి రాయబోయేది నీకు రెండు ఉత్తరాల్లో దాచిన సంగతి.

అత్తయ్యగారు పోయిన రోజు మధ్యాహ్నం రెండున్నరకు నాకు ఫోను చేశారు. ఆయాసంగా ఉందనీ, ఛాతీ పట్టేసినట్టుందనీ అన్నారు. మిషను మీద అర్జెంటు ఆర్డరు ఉంది. "గ్యాసు అయ్యుంటుంది అత్తయ్యా, మాత్ర వేసుకుని పడుకోండి. అయిదింటికల్లా వచ్చేస్తాను" అన్నాను. "మీ మామయ్య ఫోను ఎత్తడం లేదమ్మా" అన్నారు. కాస్త ఆగి, "సరేలే, నువ్వు పని చూసుకో" అని పెట్టేశారు. నేను ఇంటికొచ్చేసరికి మంచం మీద చల్లబడిపోయి ఉన్నారు. మామయ్యగారు నా వెనకే వచ్చారు, చేతిలో తొట్టి బొమ్మల పుస్తకంతో. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెబితే అందరితో పాటు నేనూ తల ఊపాను. ఫోను సంగతి నీ అల్లుడికి కూడా చెప్పలేదు.

ఆ మెట్ల మీద మామయ్యగారికి చెప్పేశాను. అద్దాల కొలతలు చదివి వినిపించినట్టు వచ్చింది నా గొంతు. నన్ను ఇంట్లోంచి పొమ్మన్నా పోవడానికి సిద్ధపడే చెప్పాను. ఆయన ఫోను ఎత్తలేదన్న ముక్క మాత్రం మింగేశాను.

ఆయన గొట్టం వంకే చూస్తూ అన్నారు.

"తెలుసమ్మా. మీ అత్తయ్య ఫోను నా దగ్గరే ఉందిగా. నీకు ఒకసారి చేసింది, నాకు మూడుసార్లు చేసింది. నేనప్పుడు షాపులో తొట్టిలో కూచునున్నా. కొనేముందు దిగి చూడమన్నారు వాళ్ళు. లోతు దానికి సరిపోతుందా, కాళ్ళు జాపుకోగలదా అని చూసుకుంటున్నా. నా ప్యాంటూ ఫోనూ వాళ్ళ లాకర్లో ఉన్నాయి."

ఆయన నా వైపు తిరిగారు.

"ఎత్తింది నువ్వొక్కదానివే. ఆఖర్న దాని గొంతు విన్నదీ నువ్వే. నా గురించి ఏమన్నా అందా?"

"అన్నారండీ. 'మీ మామయ్య ఎక్కడో కబుర్లలో పడుంటారు, ఇంకేం ఎత్తుతారు ఫోను' అని నవ్వారు."

"నవ్విందా?"

"నవ్వారు."

"కోపంగా లేదుగా?"

"లేదు మామయ్యగారూ."

ఆయన లేచి వెళ్ళి గొట్టాన్ని అనవసరంగా అటూ ఇటూ సర్దారు. తొట్టి నిండాక పట్టీ ముంచి, రంగులు తన కళ్ళకు ఆనడం లేదని నాకు ఇచ్చారు. ఆల్కలినిటీ తక్కువగా ఉంది. ఎంత వెయ్యాలో నేను చెప్పాను, ఆయన వేశారు. నీ అల్లుడికి వచ్చే ఆదివారం ఇద్దరం కలిసే చెప్పాలనుకున్నాం. ఆయన ఏమంటారో తెలియదు. భయపడాలని తెలుస్తోంది గానీ భయం కూడా రావడం లేదు.

అమ్మా, ఆవిడ నవ్వలేదు. కబుర్ల మాట కూడా నేను అల్లిందే. మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందక ఆగారు ఆవిడ. అది గ్యాసు కాదని నాకు అప్పుడే కొంచెం తెలుసు. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను, చదివాక చింపెయ్. నిన్న భోజనాల దగ్గర మామయ్యగారు, "ఆ రోజు ఎలా నవ్విందో ఇంకోసారి చెప్పమ్మా" అని అడిగారు.

నవ్వి చూపించాను.

ఇట్లు,
నీ చిన్నది