నీ నల్లపెట్టను తీసుకెళ్తున్నాను

మాధవీ,

తెల్లారేసరికి మంచు కొండను మింగేసింది. ఆ మాటున నీ నల్లపెట్టను బుట్టలో పెట్టుకుని విశాఖ పశువుల ఆస్పత్రికి పోతున్నాను.

మిగతా కోళ్లను గంప కిందే ఉంచు. మీ అన్న మళ్లీ వచ్చి "సచ్చీలోగా బేగి సంతలో అమ్మేద్దాం, ఏటవుద్ది" అంటే ఒక్కటీ ఇవ్వకు. ఊరంతా నవ్వినా సరే, మనింటి తెగులును ఇంకో ఇంటికి అమ్మను.

నువ్వు జలుబంటున్నావు. నోరు తెరిచి గురగురలాడుతూ మెడ మెలితిప్పేది జలుబు కాదు. ఊళ్లో కోళ్లన్నిటినీ ఊడ్చేసే కొక్కెర తెగులేమో, కోసి చూస్తేనే తేలుతుందన్నాడు ఆస్పత్రి డాక్టరు ఫోన్లో. తేలితే ఊరి కోళ్లన్నిటికీ టీకాలు వేయించేదాకా ఊరుకోను.

గాసి

తా.క. నీ పెట్ట తిరిగి రాదు. అడిగితే ఇవ్వవని అడగలేదు. దాని కాలికి నువ్వు కట్టిన ఎర్రదారం విప్పి దీపం గూట్లో పెట్టాను. రాత్రికి అంబలి ఉంచు. నాతో మాట్లాడకపోయినా పరవాలేదు, కలిసి తిందాం.