తూకం గుండు జరిగిన సంగతి

నర్సీపట్నం,
బుధవారం.

మావారు సామ్యేలు మేస్త్రి గారికి,

మీ దయావతి ప్రభువు నామంలో చేసే వందనాలు. ఇక్కడ నేను, మేకలు, మీ కాగితాల కట్టలు అందరం క్షేమం. బెంగుళూరు చలికి సైటులో మీ మోకాళ్లు ఎలా ఉన్నాయోనని అదొక్కటే బెంగ.

బొమ్మలు గీసి మరీ రాసిన మీ ఉత్తరం అందింది. అడిగారు కాబట్టి చెబుతున్నాను, మేక కాలు నయమైంది. జీడిమామిడి పూత బాగానే ఉంది. పక్కింటి సోమలమ్మ మాత్రం మారలేదు. "మేస్త్రి ఇంకా ఆకాశం బరువు తూస్తన్నాడేటి?" అని నవ్వింది. నేను ఊరుకుంటానా! "భూమి లాగట్లేదు వదినా, పైనున్న, కంటికి కనపడని ఈథరే మనల్ని కిందికి తోస్తంది. మావోరు పన్నెండేళ్లు లెక్క కట్టినారు" అన్నాను. అర్థమై అన్నానా ఏమిటి? మీ మాట నా నోట్లో ఉంటే మీరు ఇంట్లో ఉన్నట్టుంటుంది.

ఆదివారం ఆ సైన్సు సంఘం వాళ్ల ముందు మాట్లాడతారని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. "ఈ నెల గుండు ఎంత జరిగింది?" అని అడిగారు. ఫోన్‌లో మీ గొంతు వింటే ఈ జవాబు చెప్పలేను. అందుకే అటు వస్తున్న కొండన్న చేతికి ఉత్తరం ఇస్తున్నాను.

గుండు జరగలేదండీ. ఎప్పుడూ జరగలేదు.

ఈథర్ తోపుకి పక్కకి జరుగుతుందేమో చూద్దామని, గోడల నిటారు చూసే ఆ తూకం గుండును మీరు దూలానికి వేలాడదీసి, కింద పీట మీద గళ్ల కాగితం అంటించి, రోజూ మొన దగ్గర చుక్క పెట్టేవారు. ఏడాదంతా చుక్క మీద చుక్కే. మీ మొహం చూడలేకపోయేదాన్ని. ఒకనాడు ఊడుస్తుంటే చీపురు తగిలి పీట కదిలింది. నేను చెప్పేలోపే మీరు చూసేశారు. "దయా, బేగి రా! సూడు, ఈథర్ గాలి తోసీసింది!" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్లయిన కొత్తలో పట్టుకున్నట్టు. టీ చల్లారిపోయినా వదల్లేదు.

ఆ చెయ్యి కోసం ప్రతి నెలా పీటను నువ్వుగింజంత జరిపాను. ఓ నెల అటు, ఓ నెల ఇటు. మీరు దాన్ని రుతువుల లెక్కగా రాసుకున్నారు. పదకొండేళ్లు. ఎంత తిట్టినా పడతాను గానీ, మీరు వెంట తీసుకెళ్లిన ఆ చుక్కల కాగితాలు అక్కడ చూపించకండి. నా మూలంగా నలుగురూ మిమ్మల్ని చూసి నవ్వితే తట్టుకోలేను.

మీరు వెళ్లాక పీట ముట్టుకోలేదు. మీ పెన్సిలుతో రోజూ నేనే చుక్క పెడుతున్నాను. యాభై మూడు రోజులుగా ఒకటే చుక్క. కాగితానికి చిల్లు పడింది. చూడమని పిలుద్దామంటే ఇంట్లో మీరు లేరు.

వచ్చెయ్యండి. గుండు జరగకపోయినా, ఒక్కసారి నా చెయ్యి పట్టుకోండి.

ఇట్లు,
మీ భార్య
దయావతి