నేను కల్పించిన నాలుగు నిమిషాలు

రాబోయే యుద్ధాల గురించి ఏడు నవలలు రాసి, వాటి మీదే బతికి, డెబ్బై నాలుగో ఏట పడిన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, సొంత దస్తూరీతో రాసుకుంటున్న కడపటి వీలునామా ఇది. ఇదివరకు రాసినవి రెండూ ఇందుమూలంగా రద్దు. నా బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు జతచేశాను. ఆయన నా నవలలన్నీ చదివి కూడా ఆ మాట రాసిచ్చాడు కాబట్టి దానికి విలువ ఎక్కువని మనవి.

దీన్ని అమలుపరచే బాధ్యత నా స్నేహితుడు మేజరుగారిది. ఫిరంగి దళంలో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. నా ప్రతి రాతప్రతినీ అచ్చుకు ముందు ఎర్రపెన్సిలు పట్టుకుని చదివింది ఆయనే. ఈ కాగితాన్ని ఆయన మా బిల్డింగు సెల్లారులో, పగటిపూట, నా కూతురూ మనవరాలూ కూర్చుని ఉండగా పైకి చదవాలి. కష్టమైన చోట కళ్లజోడు తుడుచుకుంటూ మాటలు మింగేసే అలవాటు ఆయనకుంది. అది ఇక్కడ కుదరదు.

1. నా స్వార్జితమైన మొదటి అంతస్తు ఫ్లాటు, అందులోని సామానుతో సహా, నా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో చెందవలసినది. అమ్ముకోదలిస్తే నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు. కొత్తగా కట్టిన ఆ మెట్ల దగ్గరికి రాగానే నువ్వు గోడవైపు తల తిప్పుకోవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను తల్లీ. వంటింటి కుళాయి మాత్రం కొనేవాళ్లకి చెప్పు, ఎడమవైపు గట్టిగా తిప్పితే ఊడి చేతికొస్తుంది.

2. పటాలు, తుపాకుల కేటలాగులు, నదుల లోతుల పట్టికలు గ్రంథాలయానికి. నా భూతద్దం మాత్రం, "ఈయన యుద్ధాలు టీకొట్టు కబుర్లు" అని పత్రికలో రాసిన విమర్శకుడికి ఇవ్వాలి. నా మూడో నవలలో పంపుహౌసు వాల్వు ముప్పై చుట్లు తిరిగి మూసుకుంటుంది. అన్ని తిరగదని ఆయన వాదన. తిరుగుతుంది. ఫోర్‌మన్ పక్కన నిలబడి నేను లెక్కపెట్టాను. గుండు బరువు నలభై మూడు కిలోలని రాస్తే అది నలభై మూడే. వంతెన మీద నడిచి అడుగులు కొలిచాను. ఇరవై ఆరేళ్లపాటు లేని యుద్ధానికి ఉన్న కొలతలు తొడిగాను, అందుకే జనం నమ్మారు.

3. నా ప్రచురణకర్తకు ఏమీ ఇవ్వడం లేదు. ప్రతి పుస్తకం అట్ట మీదా "ఇందులో యుద్ధం ఒక్కటే కల్పన" అని వేసి అమ్మాడు. అయితే ఆ వాక్యం రాసిచ్చింది నేనే. కాబట్టి అతని మీద ఇన్నాళ్లూ పెట్టుకున్న కోపాన్ని కూడా ఇందుమూలంగా వదులుకుంటున్నాను.

4. ఇక నా నాలుగో నవల, రెండువందల పన్నెండో పేజీ.

ఆ పేజీలో శత్రువుల మొదటి గుండు పడుతుంది. రెండో గుండుకి కచ్చితంగా నాలుగు నిమిషాల వ్యవధి ఉంటుందని కథానాయకుడికి తెలుసు. ఆ వ్యవధిలో అతను సెల్లారు నుంచి మూడో అంతస్తుకి ఎక్కి, కదల్లేని ముసలాయన్ని మోసుకుని దిగుతాడు. ఆ మెట్లు మా బిల్డింగువే. ఇసుక మూట భుజాన వేసుకుని నేనే ఎక్కి దిగాను. కింద మా ఆవిడ వంటింటి గడియారం, అదే, తిప్పి పెడితే టిక్కుటిక్కుమని తిరిగి టైమవగానే గంట కొట్టేది, పట్టుకుని నిలబడ్డవాడు నా అల్లుడు. మూడు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. నేను రొప్పుతుంటే "ఇంకా ఇరవై సెకన్లు మిగిలాయి మావయ్యా" అని ఒకటే నవ్వు. నా రచనకి అతనంత ఇష్టంగా సాయపడ్డవాళ్లు మరొకరు లేరు.

మెట్ల లెక్క నిజం. గుండ్ల లెక్క అబద్ధం. మేజరుగారు ఆ పేజీ అంచున ఎర్రపెన్సిలుతో రాశారు: "ఇలాంటి వ్యవధి ఏదీ ఉండదు. పేల్చేవాడికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు పడుతుంది. ఇది అబద్ధం, తీసెయ్." నేను రబ్బరు పెట్టి ఆ మాటలే తీసేశాను. వ్యవధి తగ్గితే నా కథానాయకుడు మెట్ల మీదే చచ్చిపోతాడు, రెండో భాగానికి వాడు నాకు కావాలి. ఉన్నది ఇంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను.

తొమ్మిదేళ్లకు నిజం యుద్ధం వచ్చింది. దానికీ నా నవలకీ ఏ పోలికా లేదు, ఏ పేరూ కలవలేదు. కానీ మధ్యాహ్నం మూడింటికి మొదటి గుండు వీధి మలుపులో పడగానే, సెల్లారులో ఉన్న వాళ్లలో కనీసం పదిమంది "నాలుగు నిమిషాలు" అన్నారు. మూడో అంతస్తు కుట్టుటీచరుగారు దిగి రాలేదని అప్పుడు గమనించాం. మోకాళ్లు పట్టేసిన మనిషి, చక్రాల కుర్చీ లేకుండా కదల్లేరు. అల్లుడు గడియారాన్ని నాలుగు దగ్గరికి తిప్పి, ఏడేళ్ల కూతురి చేతిలో పెట్టి, "ఇది మోగేలోపల వచ్చేస్తా" అన్నాడు. తర్వాత నావైపు చూశాడు. "ఇరవై సెకన్లు మిగులుతాయి కదా మావయ్యా?"

నేను తలూపాను.

నోరు పెగల్లేదని చెప్పుకోవచ్చు. చుట్టూ నా పాఠకులు ఉన్నారు, వాళ్లముందు అబద్ధమని ఎలా ఒప్పుకోను అనుకున్నానేమో. లేక అన్నేళ్లు నలుగురి నోటా విని విని నేను కూడా నమ్మేశానేమో. ఏది నిజమో పదకొండేళ్లుగా నాకు తేలలేదు. తలూపడం మాత్రం నిజం.

రెండో గుండు మెట్ల మీద పడింది. గడియారం మీద ఇంకా రెండు నిమిషాలకు పైగా ఉంది. దుమ్ము, దగ్గులు, ఎవరో ఏడుపు, అన్నీ సద్దుమణిగాక పాప చేతిలో గంట మోగింది. అది లేచి నిలబడి, నాన్న వస్తాడని తలుపువైపు చూసింది.

5. నా కుమార్తెకు: "నాలుగు నిమిషాలు కూడా సరిగ్గా చూసుకోలేకపోయాడు ఆ మనిషి" అని నువ్వు అంటూ వచ్చావు. మొదట ఏడుస్తూ అన్నావు, తర్వాత కోపంగా, ఇప్పుడు మామూలుగా. కూతురికి కూడా అదే నేర్పావు. ఆయన పెళ్లినాటి ఫొటోని బీరువా వెనక్కి తోశావు. అదంతా చూస్తూ, నీ పక్కనే కూర్చుని, నీ చేతి అన్నం తింటూ నేను నోరు మూసుకున్నాను. ఆయన లెక్క తప్పలేదమ్మా. లెక్కే లేదు. నన్ను క్షమించమని అడగడం లేదు, ఆ ఫొటోని ముందుకి తియ్యమని అడుగుతున్నాను.

6. నా ఏడు నవలల సర్వహక్కులూ నా కుమార్తెవి. అచ్చు ఆపించినా ఆమె ఇష్టమే. వేయిస్తే మాత్రం, రెండువందల పన్నెండో పేజీలో ఉన్నదంతా తీసేసి, మేజరుగారి మూడు వాక్యాలూ వేయాలి. కథ అక్కడ తెగిపోతుందని ప్రచురణకర్త గోల పెడతాడు. తెగిపోనివ్వాలి. ఆ రాతప్రతి పేజీ నా మేజా అడుగు సొరుగులో ఉంది. ఎర్రపెన్సిలు రబ్బరుకి పూర్తిగా పోదు, వెలుతురుకి పట్టి చూస్తే చదవొచ్చు.

7. మేజరుగారికి నా చేతికర్ర. ఆయన ఒక్కసారి కూడా "నేను ముందే చెప్పాను" అనలేదు. అనుంటే నాకు కాస్త తేలికపడేది. ఆ మంచితనానికి నేను ఆయన్ని ఇంకా క్షమించలేదు.

8. వంటింటి గడియారం నా మనవరాలికి. ఇష్టం లేకపోతే పారెయ్, తాతయ్య ఏమీ అనుకోడు. పై వాటాలో తలుపు ధడాలున పడితే చాలు, నేను లోలోపల సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెడతాను. నూటపది దాకా వస్తుంది. ఆ తర్వాతి అంకె ఇంతవరకూ నా నోటికి రాలేదు. ఆ రోజు నీకు అబద్ధం చెప్పింది మీ నాన్న కాదు, నేను.

పైన రాసినదంతా నాకు తెలిసే రాశాను. ఇందులో కల్పన లేదు.

మార్చి పదిహేడు, ఉదయం పదకొండు గంటలు.
(సంతకం) నవలల రచయిత, మొదటి అంతస్తు

సాక్షులు:

(సంతకం) పంపుహౌసు రిటైర్డు ఫోర్‌మన్. వీరు నా ఎదుట సంతకం చేశారు. వాల్వు ముప్పై చుట్లు తిరిగే మాట వాస్తవం.

(సంతకం) మూడో అంతస్తు కుట్టుటీచరు. వీరు నా ఎదుట సంతకం చేశారు. నన్ను చదవమన్నారు, చదివాను. ఒక మాట రాయడానికి అనుమతి అడిగి రాస్తున్నాను. అల్లుడుగారు వచ్చేసరికి నేను కంగారుగా చెప్పుల కోసం తడుముకుంటున్నాను. ఆయన నా కుర్చీ అందుకుని, "ముందు దీన్ని మెట్ల మలుపులో పెట్టి మీకోసం వస్తా. తొందరపడకండి టీచరుగారూ, చాలా టైముంది" అని నవ్వుకుంటూ దిగారు. చెబితే ఆయన్ని తప్పుపట్టినట్టవుతుందని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆయన అసలు భయపడలేదమ్మా.