పెద్దల పళ్ళెం దగ్గర సెంటు సీసా

కడప,
28-9-2006

నాయన కోసం తెచ్చిన సెంటు సీసాను నువ్వు పెంటదిబ్బలోకి విసిరేశావు. పెద్దల అమావాస్య నాడు, ఆయన ఫొటో ముందు, చుట్టాలంతా చూస్తుండగా. ‘క్షేమమా’ అని రాయడానికి నాకు చేయి రాలేదు శివకుమారక్కా, అందుకే రాయలేదు.

పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఫొటో ముందు పెట్టడం మన పద్ధతే కదా. నువ్వు ఓళిగలు పెట్టావు. బావ బీడీకట్ట పెట్టాడు. నేను కొత్త పంచె మీద రెండు చుక్కల సెంటు వేశాను. అంతే!

“రేయ్ ఓబులేసా, కడపకు పోయి సోకులు నేర్చినావేమిరా? సెంటు కొట్టిన గుడ్డ పెద్దలు ముట్టరని తెల్దా? నాయన ఆకలితో ఎనిక్కి పోతాడు. పో, బయటికి పో!” అన్నావు.

గిడ్డమ్మత్త మూతి తిప్పి, “పిల్లోనికి మనసు పెండ్లి మీద పడినాది లే” అంటే అందరూ నవ్వారు. నేను అన్నం కూడా తినకుండా బస్సెక్కాను.

అది ఏం సెంటో ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు విను.

మా ఫ్యాన్సీ షాపు దర్గాకు పోయే దారిలో ఉంది. కంపెనీ ఏజెంటు ఒక చిన్న సీసా నా చేతిలో పెట్టి, “పూసుకొని చూడప్పా, ఈడ అమ్ముడుపోతాదో లేదో చెప్పు” అన్నాడు. నేను బడికి పోయినవాణ్ని కాదు, సబ్బుల డబ్బాల మీద చదువు నేర్చుకున్నవాణ్ని. సీసా మీది ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. టీ అని ఉంది, ఫిగ్ అని ఉంది, అంటే అంజూర అట. టీతో సెంటేమిటని నవ్వుకుంటూ మణికట్టుకు పూసుకున్నాను. నవ్వు ఆగిపోయింది.

మొదట వచ్చింది పాలు పోయకముందు మరిగే డికాషన్ వాసన. మన కోసిగి స్టేషన్ బయట నాయన టీ బండి, గుడ్డలో వడగట్టేటప్పుడు మొహానికి తగిలే ఆవిరి. కాసేపటికి అది సన్నగిల్లి ఒక పచ్చివాసన లేచింది, అత్తికాయ తుంచితే కారే పాల వాసన. బండి వెనక అత్తిచెట్టు గుర్తుందా? అంజూర మన అత్తికి చుట్టమే. నాయన పండు చీల్చి, లోపలి పురుగులు ఊది, నీకొక ముక్క, నాకొక ముక్క ఇచ్చి, “పురుగు పాయె, తినండప్పా, రాజులు తినేది ఇదే” అనేవాడు. కరువుకు ఊరు ఊరంతా వలస పోయి టీ తాగే నాథుడు లేనప్పుడు ఆ పండ్లతోనే మన పూటలు గడిచాయి. మధ్యాహ్నానికి నా చేతి మీద మిగిలింది ఎండిన కట్టె వాసన, కొంచెం తీపి కలిసి. అది నాయన భుజం వాసన. జాతరలో నన్ను ఎక్కించుకుంటే నేను మొహం ఆనించి నిద్రపోయిన భుజం.

ఫొటోలో ఉన్నాయన మన నాయన కాడక్కా. ఓటరు కార్డు బొమ్మను పెద్దది చేయించాం, నవ్వే తెలియని మనిషెవరో వచ్చాడు. నాకు ఆ వాసనే నాయన. పూజ చెడగొట్టాలని కాదు, ఆయన్ను ఇంటికి తేవాలని వేశాను.

ఇంతవరకు రాసి, నీ మొహం మళ్ళీ చూడనని ముగిద్దామనుకున్నాను. ఇంతలో బొజ్జన్న బావ షాపుకు ఫోన్ చేశాడు. “మీ యక్క కోపంతో పారేయలేదప్పా. ఆ వాసన తగలంగానే నాయన ఎనకాల వచ్చి నిలబడినట్ల ఉండెనంట. బయపడినాది. ఇప్పుడు పొయ్యి కాడ కూచోని ఏడుస్తాండాది” అన్నాడు.

నిజమా? నీకూ తెలిసిందా? తెలిసి కూడా వాళ్ళందరూ నన్ను చూసి నవ్వుతుంటే ఆ ఒక్క మాట దాచుకున్నావా? నాకు మండుతున్నది ఇప్పుడే ఎక్కువ.

కార్తీకంలో నాయన దివసానికి నన్ను రమ్మంటావా, వద్దంటావా? బావతో చెప్పించకు. ఆ రోజు నీకు ఏం తెలిసిందో నీ చేత్తో రాయి. దీపావళి లోపల జవాబు నాకు అందాలి. అందకపోతే ఆయనకు పెట్టాల్సింది ఇక్కడ కడపలోనే పెట్టుకుంటాను, కోసిగి బస్సు ఇక ఎక్కను.

నీ తమ్ముడు,
ఓబులేష్