తిరగేసిన పి

మంగళవారం

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఈరోజు ‘మరచిపోలేని రోజు’ వ్యాసాలు తిరిగిచ్చాను. ఎల్‌బీ నగర్ నుంచి మెట్రోలో వచ్చే, ముప్పై దాటిన అలివేలు నాలుగు పేజీలూ ఒకే పేరాగా రాసింది. నిన్న నేను వాటిని చదవకుండానే, ఎర్ర పెన్నుతో తోచిన చోటల్లా ¶ పెట్టేశాను.

ఆమె కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "గీ తిరగేసిన పి ఏంది సార్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది.

"కొత్త పేరా గుర్తు. పూర్వం లాటిన్ రాతగాళ్లు అధ్యాయమనే మాటకు మొదటి అక్షరం ‘సి’ రాసి, గీత గీసేవారు. అదే మారి మారి ఇలా అయింది. ఎక్కడ ఆగాలో తెలియని నీలాంటివాళ్ల కోసమే," అన్నాను.

ఇంకా నవ్వించాలని ఆమె వ్యాసాన్ని ఊపిరి తీసుకోకుండా ఎగతాళిగా చదివాను. రెండో పేజీలో, ఆమె ఏడేళ్ల కూతురు జ్వరంతో ఆసుపత్రిలో చనిపోయిందని ఉంది. నవ్వులు ఆగిపోయాయి. నేనూ ఆగాను.

"ఆపకుండ్రి సార్. మొత్తం సదవుండ్రి," అంది.

గొంతు మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని, అదే గొంతుతో చివరిదాకా చదివాను. ఆమె కాగితాలు తీసుకుని వెళ్లి కూర్చుంది.

పదికి వేసిన మూడు మార్కులు మార్చలేదు. రేపు ఆమె క్లాసుకు రాకపోతే బాగుండుననిపిస్తోంది.